నలభై మూడు గేదెలు, ఒక లెక్కల మాస్టారు

గుండ్లవారిపాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు లేరని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. ఉన్నారు. పేరు ఏసుపాదం. హాజరుపట్టీలో ఆయన పేరుంది, స్టాఫ్ రూములో ఆయన కుర్చీ ఉంది, కుర్చీ వీపున ఆయన తువ్వాలు కూడా ఉంది. మనిషి మాత్రం జులై నుంచీ జిల్లా అంతటా ఉన్నారు, బడిలో తప్ప.

ఇదెలా జరిగిందో హెడ్మిస్ట్రెస్ కనకవల్లి గారికి బోధపడటానికి మూడు నెలలు పట్టింది. ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు. ఇరవై ఆరేళ్లు తెలుగు పాఠాలు చెప్పి, పైవాళ్ల వెంటపడి బడికి ప్రహరీ కట్టించుకుని, ఎవరిచేతా మాట పడకుండా నెగ్గుకొచ్చిన మనిషి. కానీ ఆవిడ నేర్పిన సంధుల్లో ఎక్కడా సేవాసంధానం లేదు.

అది జూన్‌లో వచ్చింది. జిల్లా కేంద్రంలో అన్ని శాఖల వాళ్లనీ ఒక ఏసీ హాల్లో కూర్చోబెట్టి, జీడిపప్పు ఉప్మా పెట్టి, జిల్లా సంధానాధికారి ఉమాకాంత్ గారు దాన్ని ఆవిష్కరించారు. ఆయన అప్పుడే రాజధానిలో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. కళ్లలో ఆ వెలుగు ఇంకా తగ్గలేదు.

"ఇంతకాలం మనం ఒక మనిషికి ఒక పని అనే బిగుతు బంధాలలో మగ్గిపోయాం" అన్నారు ఉమాకాంత్ గారు. "ఇకపై ఉద్యోగి అనే పదార్థం లేదు. సేవ మాత్రమే ఉంది. పౌరుడు కోరిన తత్క్షణమే, ఆ క్షణాన జిల్లాలో ఏ సేవ ఖాళీగా ఉంటే దాన్ని అన్వేషించి, దానికి ఇంకొకటి సంధానించి, కోరిన ఫలితాన్ని కంప్యూటరు అప్పటికప్పుడు కూర్చి ఇస్తుంది. మధ్యలో ఒక ముక్క ఊడితే మరో ముక్క తగిలిస్తుంది. పౌరుడికి అతుకు కనిపించదు."

ఆ కంప్యూటరు ఎక్కడుంటుందని వెనక వరసలో ఎవరో అడిగారు. ఒకచోట ఉండదనీ, నలభై ఆఫీసుల్లో ముక్కలు ముక్కలుగా ఉంటుందనీ, ఒకటి నిద్రపోతే ఇంకొకటి లేచి పనిచేస్తుందనీ ఆయన సెలవిచ్చారు. ఆ పద్ధతి తమకు కొత్తేమీ కాదని సభికులు తలలూపారు.

నిజం చెప్పాలంటే మొదటి వారం బాగానే నడిచింది. ఒక ముసలావిడ కాగితం, అయిదేళ్లుగా కదలనిది, అరగంటలో కదిలింది. పేపర్లలో ఆవిడ ఫొటో పడింది. ఆ ఫొటో చూసుకున్న మర్నాటి నుంచి ఉమాకాంత్ గారికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. జిల్లాలో జీతం తీసుకుంటున్న ప్రతి ప్రాణినీ జాబితాకి ఎక్కించేశారు. ప్రతి సేవకీ నక్షత్రాలు పెట్టారు. పని బాగా చేస్తే అయిదు, చెడగొడితే ఒకటి. ఎక్కువ నక్షత్రాలున్న వాళ్లని కంప్యూటరు ముందుగా ఎత్తుకుపోతుంది.

ఏసుపాదం మాస్టారి కొంప మునిగింది అక్కడే. పదహారేళ్లుగా ఆయన లెక్కలు చెప్పిన తీరుకి నక్షత్రాలిచ్చే మీట అప్పట్లో ఏ పాఠశాలలోనూ లేదు. కానీ రెండేళ్ల కిందట, అందరు టీచర్లతో పాటు ఆయన్నీ పశుగణనకి తోలారు. ఆయన చాదస్తపు మనిషి, ప్రతి గేదెనీ రెండుసార్లు లెక్కపెట్టారు. ఒక్క తప్పు రాలేదు, ఒక్క గేదె ఫిర్యాదు చేయలేదు. కంప్యూటరు పాత రికార్డులు తవ్వి ఆయనకి పశుగణనలో అయిదు నక్షత్రాలు ఇచ్చేసింది. ఇక అంతే. జిల్లాలో ఎవరు ఎక్కడ పశువుల్ని లెక్కపెట్టాలన్నా ఏసుపాదం మాస్టారి ఫోన్ మోగుతుంది. ఆయన చాక్‌పీసు జేబులో వేసుకుని బస్సెక్కుతారు.

మరి పదో తరగతికి లెక్కలెవరు చెబుతారు? ఆ బెంగ కంప్యూటరుకి లేదు. కనకవల్లి గారు లెక్కల ఉపాధ్యాయుడు కావాలని మీట నొక్కిన నాలుగు సెకన్లలో అది ఒక లెక్కల ఉపాధ్యాయుణ్ణి కూర్చి పంపింది.

రేఖాగణితానికి మండల సర్వేయరు వచ్చాడు. బోర్డు మీద త్రిభుజం చక్కగా గీశాడు. మూడు వైపులా హద్దుదారులెవరో తేలనిదే ముందుకు పోవడానికి వీల్లేదన్నాడు. పిల్లలు తేల్చలేకపోయారు. ఇంతలో ఆయన్ని ఇంకెక్కడికో లాక్కుపోయి, సిద్ధాంతం సగంలో ఉండగానే ఆర్టీసీ కండక్టరుని దింపింది కంప్యూటరు. కండక్టరు భాగహారం చెప్పాడు. పదిహేడుని అయిదుతో భాగిస్తే మూడు వచ్చి రెండు మిగిలింది. మిగిలిన రెండుని కాగితం వెనక రాసిచ్చి, దిగేటప్పుడు అడిగి తీసుకోమన్నాడు.

గ్రాఫులకి ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ వచ్చింది. ఆవిడకి అలవాటైన గ్రాఫు పసిపిల్లల బరువుల కార్డు. గీత పైకి పోతే బిడ్డ ఆరోగ్యంగా ఉన్నట్టు, కిందికి దిగితే రోజుకో గుడ్డు పెట్టాలి. సంభావ్యత పాఠానికి ఫైర్ స్టేషన్ నుంచి ఒక మీసాలాయన వచ్చాడు. ప్రమాదం జరిగే సంభావ్యత ఎప్పుడూ నూటికి నూరేనని ఒకే వాక్యంలో పాఠం ముగించి, పిల్లల్ని వరసగా గ్రౌండులోకి పంపేశాడు. ఆ పీరియడు అక్కడే గడిచింది. గంట కొట్టాక ట్యాబులో నక్షత్రాలిమ్మంటే పిల్లలు అయిదుకి అయిదు ఇచ్చారు. ఆటల పీరియడు తెచ్చిచ్చిన వాడికి ఎవరివ్వరు?

అర్ధ సంవత్సర పరీక్షలొచ్చాయి. గోడకి ఆనించిన నిచ్చెన పొడవెంత అన్న ప్రశ్నకి, నిచ్చెన రోడ్డు హద్దులోకి వచ్చింది కనుక తొలగించవలెనని పన్నెండుమంది రాశారు. క్లాసులో నలభై మూడు మందికి గాను ఎక్కువ మార్కులు వందకి పదకొండు. ఆ పదకొండూ మెహరున్నీసావి. తొమ్మిదో తరగతి దాకా ఏనాడూ తొంభైకి తగ్గని పిల్ల. పాలిటెక్నిక్‌లో చేరి ఇంజనీరు అవుతానని ఊరందరికీ చెప్పుకున్న పిల్ల.

ఆ పిల్ల పేపరు పట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదికి వచ్చింది. ఏడవలేదు. పేపరు బల్ల మీద పెట్టి నిలబడింది.

"మేడమ్, మాకు ఇంతమంది వద్దు. ఒక్క మాస్టారు చాలు" అంది.

కనకవల్లి గారికి ఆ రాత్రి అన్నం సహించలేదు. పబ్లిక్ పరీక్షలకి మూడు నెలలుంది. ఈ నలభై మూడు మందిలో సగానికి పైగా కూలీల పిల్లలు, ట్యూషనంటే ఏమిటో ఎరగని వాళ్లు. పదిలో తప్పితే మిరప చేలకి పోతారు, లేదా పెళ్లిళ్లయిపోతాయి. ఆవిడ కళ్లముందు అలా పోయినవాళ్లు ఎంతమందో ఉన్నారు. మర్నాడే బస్సెక్కి ఉమాకాంత్ గారి దగ్గరికి వెళ్లింది.

ఆయన ఆవిణ్ణి ఆదరంగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, ట్యాబు తిప్పి చూపించారు. గుండ్లవారిపాడు లెక్కల ఉపాధ్యాయ సేవకి నాలుగు పాయింట్ తొమ్మిది నక్షత్రాలు. జిల్లాలోనే ప్రథమ స్థానం.

ఆవిడ మార్కుల జాబితా చూపించింది. మార్కులు వేరే శాఖ పరిధిలోని అంశమన్నారాయన. పోనీ మా ఏసుపాదం మాస్టార్ని మాకు ఇచ్చేయండి, మా బడిలో పోస్టు ఆయనదే కదా అంది.

ఉమాకాంత్ గారు నొచ్చుకున్నారు. "మేడమ్, మీరు మళ్లీ బిగుతు బంధంలోకి వెళుతున్నారు. పద్నాలుగో నిబంధన చిత్తగించండి. సేవను కోరవలెను, మనిషిని కోరరాదు. మీకు ఏమి కావాలో చెప్పండి. ఎవరు కావాలో చెప్పవద్దు."

ఆవిడ టీ తాగకుండానే లేచి వచ్చేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం ఏసుపాదం మాస్టారు కాస్త తీరిక చిక్కి బడికి వచ్చారు. మోకాళ్ల దాకా బురద. మనిషి సగం అయిపోయారు. పక్కూళ్లో పాల సంఘం వాళ్లు గేదెల లెక్క అడిగారనీ, అంతకుముందు ఇంకో ఊళ్లో అడిగారనీ, లెక్కల మాస్టారి ఉద్యోగం కోసం ఎంత కష్టపడి చదివానో ఆ గేదెలకి చెప్పుకుంటున్నాననీ ఆయన కనకవల్లి గారికి మెల్లగా చెప్పుకొచ్చారు. పిల్లలెలా ఉన్నారని అడగడానికి మాత్రం ఆయనకి నోరు రాలేదు.

బడి ఆయా పోలమ్మ వరండాలో చీపురు పట్టుకుని ఇదంతా వింటోంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు, సేవాసంధానం సంగతి అంతకన్నా తెలీదు.

"అయితే అమ్మగోరూ, గేదెల్ని లెక్కెట్టాలని ఎవురడిగినా ఈ బాబునే అంపిత్తారా?" అంది.

అవునన్నారు మాస్టారు.

"మరి మనం గూడా గేదెలే ఉన్నాయంటే పోద్ది గదా" అంది పోలమ్మ, ఊడ్చుకుంటూ.

గదిలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పశువుల హాస్టల్ అనే పథకం ఒకటి ఉంది. ఒకే కొట్టంలో నలభైకి పైగా పశువులుంటే పొద్దునా సాయంత్రమూ లెక్కపెట్టి అప్పగించాలి, వారానికి ఆరు రోజులు. కనకవల్లి గారు ఆదివారమంతా కూర్చుని దరఖాస్తు నింపింది. ఆవిడ జన్మలో అబద్ధం రాయలేదు. ఇప్పుడూ రాయకూడదని పట్టుబట్టింది. కొట్టం: రేకుల షెడ్డు, ఫ్యానుల్లేవు. సంఖ్య: నలభై మూడు. వయసు: పదిహేనేళ్లు. మేత: మధ్యాహ్న భోజనం, గుడ్లు. స్వభావం: పొద్దున చురుకు, భోజనం తర్వాత నిద్ర. కొమ్ములు: మొలుస్తున్నాయి. పాలు: ప్రస్తుతానికి లేవు, ఫలితం వేసవిలో తెలుస్తుంది. పశువు రకం అన్న ఒక్క గడి దగ్గర మాత్రం వేలు ఆగిపోయింది. అక్కడ నాలుగే ఉన్నాయి. ఆవు, గేదె, గొర్రె, మేక. దేవుడికి దణ్ణం పెట్టుకుని రెండోది నొక్కింది.

నాలుగు సెకన్లు తిరక్కుండా బల్ల అవతల కూర్చున్న ఏసుపాదం మాస్టారి ఫోన్ మోగింది.

సోమవారం పొద్దున కనకవల్లి గారు పదో తరగతిలోకి వెళ్లి తలుపు వేసింది. ఉన్న సంగతి పిల్లలకి దాచకుండా చెప్పింది. తప్పయితే నాదే, క్షమించండమ్మా అంది.

మెహరున్నీసా లేచి నిలబడింది. "పోయినేడు మీరు కోపంలో మమ్మల్ని ఊరికే గేదెలన్నారు కదా మేడమ్. ఇప్పుడు పని మీద అంటున్నారు. ఫర్వాలేదు" అంది.

క్లాసంతా ఘొల్లుమంది. కనకవల్లి గారు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. ఏసుపాదం మాస్టారు లోపలికి వచ్చి, అటూ ఇటూ రెండుసార్లు లెక్కపెట్టి, నలభై మూడని ట్యాబులో నొక్కి, చాక్‌పీసు తీశారు. సాయంత్రం మళ్లీ లెక్కపెట్టే దాకా ఆయనకి అక్కణ్ణుంచి కదిలే అధికారం లేదు. త్రిభుజానికి హద్దుదారులు అక్కర్లేదని ఆ రోజు తేలింది. కండక్టరు బాకీ పెట్టిన రెండుని శేషం అంటారని తేలింది.

ఇక సేవాసంధానం ఊరుకుంటుందా? ఒక కొస దొరికితే మిగతావన్నీ వాటంతటవే తగులుకుంటాయి. మూడో రోజున ట్రాక్టరు నిండా వరిగడ్డి వచ్చింది. పిల్లలు దాన్ని షెడ్డు నిండా పరుచుకుని కూర్చున్నారు, నేల చల్లదనం తగ్గింది. వారానికి చెవులకి తగిలించే పసుపుపచ్చ బిళ్లలు వచ్చాయి, ఒక్కోదాని మీద పన్నెండంకెలు. మాస్టారు తలా ఒకటి పంచి, మీ నంబరు మూడుతో భాగించబడుతుందో లేదో చెప్పమన్నారు. పిల్లలు వాటిని సంచులకి కట్టుకుని తిరిగారు. గాలికుంటు టీకా వ్యాను వచ్చింది. గేటు దగ్గర పోలమ్మ అడ్డం నిలబడి, గేదెలు చదువుకుంటన్నాయి, పరీక్షలయ్యాక రండని పంపేసింది. డ్రైవరు అలాగేనని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

పబ్లిక్ పరీక్షలు పదకొండు రోజుల్లో ఉన్నాయనగా ఉమాకాంత్ గారి జీపు గేటులోకి వచ్చింది. రాష్ట్రంలో బడి ఆవరణలో నడుస్తున్న పశువుల హాస్టల్ ఇదొక్కటే అట. ఆయన స్వయంగా తనిఖీకి వచ్చారు.

కనకవల్లి గారు వరండాలోకి వచ్చి జీపుని చూసింది. నిజం చెబితే మాస్టారు ఈ క్షణమే పోతారు. ఇంకా రెండు పాఠాలు మిగిలున్నాయి. చెప్పకపోతే తన ఉద్యోగం పోతుంది. ఒక్క నిమిషం ఆలోచించుకుంది. పోతే పోనీ అనుకుని ఆయన్ని నేరుగా షెడ్డులోకి తీసుకెళ్లింది.

గడ్డి మీద నలభై మూడు మంది బాసింపట్లు వేసుకుని వర్గ సమీకరణాలు చేస్తున్నారు. ఉమాకాంత్ గారు గుమ్మంలో ఆగిపోయారు. పిల్లల్ని చూశారు. గడ్డిని చూశారు. సంచులకి వేలాడుతున్న పసుపు బిళ్లల్ని చూశారు. చాలాసేపు ట్యాబులోకి చూశారు.

"మేడమ్, గేదెలు?" అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

"ఇవేనండీ" అంది కనకవల్లి గారు.

ఏసుపాదం మాస్టారు ముందుకొచ్చి గట్టిగా లెక్కపెట్టారు. ఒకటి నుంచి నలభై మూడు దాకా. దరఖాస్తులో నలభై మూడు, ట్యాబులో నలభై మూడు, ఎదురుగా నలభై మూడు. ఉమాకాంత్ గారి నుదుట చెమట పట్టింది. ఆయన మూర్ఖుడు కాదు, ఇంట్లో ఆయనకీ ఇద్దరు పిల్లలున్నారు. కానీ ఇవి గేదెలు కావంటే అయిదు నక్షత్రాల లెక్క తప్పవుతుంది. లెక్క తప్పయితే దాన్ని నమ్మి గడ్డి పంపిన సేవ తప్పు, బిళ్లలు పంపిన సేవ తప్పు, వీటన్నిటినీ అతికించిన సంధానమే తప్పు. పై వారం మంత్రిగారి సభలో ఆయన చెప్పబోయే ఉదాహరణ ఇదే.

ఆయన మెల్లగా ఊపిరి పీల్చుకుని తన భాషలోకి వెళ్లిపోయారు. "నా తనిఖీ సంఖ్యకు పరిమితం. సంఖ్య సరిపోయినది. పశువు యొక్క పశుత్వ నిర్ధారణ నా పరిధిలోకి రాదు. అది వేరొక సేవ. అవసరమైతే సంధానించవచ్చును."

వెంటనే సంధానించారు కూడా. ఆ క్షణాన ఖాళీగా ఉన్నది ఉద్యానశాఖ అధికారి ఒక్కడే. మోటారు సైకిలు మీద వచ్చి, పిల్లల చుట్టూ ఒకసారి తిరిగి, ఇద్దరి జుట్టు పట్టి చూసి, ఇవి మొక్కలు కావని ధ్రువపత్రం రాసి ఇచ్చాడు. అభ్యంతరకరమైనదేమీ కనబడలేదని ఉమాకాంత్ గారు కింద సంతకం చేశారు. జీపెక్కబోతూ కనకవల్లి గారి వైపు తిరిగారు. మంచినీళ్లకి ఇబ్బంది లేదు కదా మేడమ్ అని మాత్రం అడిగారు.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. నలభై మూడుకి నలభై మూడు పాస్, అందరూ ప్రథమ శ్రేణి. మెహరున్నీసాకి లెక్కల్లో తొంభై ఎనిమిది. పాలిటెక్నిక్ చదువుకి దోవ పడింది. ఏసుపాదం మాస్టారు ఆ నంబరుని రెండుసార్లు చూసుకుని, కుర్చీలో కూర్చుని తువ్వాలుతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఎవరూ ఓదార్చలేదు. అందరూ అదే పనిలో ఉన్నారు.

ఈ ఘనతంతా నాలుగు పాయింట్ తొమ్మిది నక్షత్రాల ఉపాధ్యాయ సేవదేనని ఉమాకాంత్ గారు మంత్రిగారి మరో సభలో నిరూపించారు. కండక్టరుకి శాలువా కప్పారు. వచ్చే ఏడు నుంచి రాష్ట్రంలో లెక్కల మాస్టార్ల పోస్టులు అక్కర్లేదని ప్రకటన వెలువడింది. ఆ సాయంత్రం నుంచి కనకవల్లి గారి ఫోన్ ఆగలేదు. ఒక్కొక్క ఊరి హెడ్మాస్టరూ మొదట అభినందనలు చెప్పి, తర్వాత గొంతు తగ్గించి, ఆ దరఖాస్తు ఎలా నింపారో కాస్త చెప్పండమ్మా అన్నారు. ఆవిడ ఒక్కో గడీ ఓపికగా చెప్పింది. జూన్ నెలాఖరుకి జిల్లాలో గేదెలు ఎనిమిది వేలు పెరిగాయి. క్షీరవిప్లవం సాధించినందుకు ఉమాకాంత్ గారికి పతకం వచ్చింది.

జులై మొదటి వారంలో గుండ్లవారిపాడు హైస్కూలుకి ఒక నోటీసు వచ్చింది. కంప్యూటరు తనంతట తానే కూర్చుకున్న నోటీసు, కింద మనిషి సంతకమే లేదు. తమ హాస్టల్‌లో నమోదైన నలభై మూడు గేదెలు మార్చి నెల తర్వాత లెక్కకు హాజరు కాలేదు. అవి ఏమైనవో, అమ్మబడినవో, చనిపోయినవో మూడు రోజుల్లో తెలుపవలెను.

కనకవల్లి గారు కళ్లజోడు పెట్టుకుని, అబద్ధం రాయకూడదన్న పట్టుదలతోనే జవాబు రాసింది. నలభై మూడు గేదెలూ క్షేమం. అన్నీ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణత పొందినవి. అందులో ముప్పై ఇంటర్మీడియట్‌లోనూ, పదమూడు పాలిటెక్నిక్‌లోనూ చేరినవి. వాటి కొట్టం ఖాళీ కాలేదు. ఈ ఏడాది కొత్తగా యాభై ఒకటి వచ్చినవి. లెక్కపెట్టే సేవను దయచేసి రేపటి నుంచే పంపగలరు.

నాలుగు సెకన్లలో ఏసుపాదం మాస్టారి ఫోన్ మోగింది.